దస్త్రం ఎక్కడుంది, ఎవరికి అందుతుంది?: మదనపల్లె, పుంగనూరు, కుప్పం భూమిపత్రాల చరిత్రలో సర్వర్-క్లయింట్ అమరిక

వ్యాససంగ్రహం:

నెట్‌వర్క్‌లోని అనేక యంత్రాలు ఒకే దస్త్రాన్ని పంచుకోవడానికి సర్వర్, క్లయింట్ యంత్రాలను అమర్చే పద్ధతి 1980ల నాటి కంప్యూటర్ శాస్త్రం నుంచి వచ్చింది. అయితే మూలప్రతి ఎక్కడ ఉండాలి, ఎవరు చూడవచ్చు, ఎవరు మార్చవచ్చు, నకలుకూ మూలానికీ తేడా వస్తే ఏది నిలుస్తుంది, మూలం నశిస్తే ఏమవుతుంది అనే ప్రశ్నలు భూపరిపాలనలో అంతకు చాలా ముందే ఉన్నాయి. పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి భాగంలోని మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల దస్త్రచరిత్రను ఈ ప్రశ్నల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసలక్ష్యం.

కీలకపదాలు: పంపిణీ దస్త్రవ్యవస్థ, సర్వర్, క్లయింట్, కరణం, జమాబందీ, రిజిస్ట్రేషన్ చట్టం, కార్డ్ పథకం, కుప్పం, మదనపల్లె, పుంగనూరు.

1. ఉపోద్ఘాతం

తెలుగులో కంప్యూటర్ చరిత్ర రచన ఎక్కువగా లిపి, ఖతులు, అంతర్జాల పత్రికల చుట్టూ సాగింది. పరిపాలనా దస్త్రం కంప్యూటర్‌లోకి వెళ్లిన చరిత్రపై జరిగిన కృషి తక్కువ. సామాన్య రైతు జీవితాన్ని తాకిన మార్పు మాత్రం ఈ రెండవదే. ఎకరం మెట్టభూమి ఉన్న రైతుకు తన హక్కు ఒక కాగితంమీద, ఒక పుస్తకంలో, ఒక కార్యాలయంలో ఉంటుంది. ఆ కాగితం దొరకకపోతే భూమి కళ్లెదుట ఉన్నా, దాన్ని అమ్మడానికీ, బ్యాంకులో తాకట్టు పెట్టడానికీ, బిడ్డలకు పంచి ఇవ్వడానికీ ఆధారం కరవవుతుంది. అందుచేత దస్త్రాన్ని ఎక్కడ ఉంచాలి, ఎవరికి ఎలా అందించాలి అనే విషయం సాంకేతిక నిపుణులకే పరిమితమైనది కాదు.

సర్వర్ అంటే దస్త్రాన్ని తన దగ్గర ఉంచుకొని అడిగినవారికి అందించే యంత్రం. క్లయింట్ అంటే ఆ దస్త్రాన్ని తనదే అన్నట్లుగా వాడుకునే యంత్రం. ఈ రెండింటి మధ్య ఒప్పందాన్ని ముందుగా రాసిపెట్టడమే అమరిక. ఆ ఒప్పందంలోని అంశాలను పాత రికార్డుగది నియమాలతో పోల్చి చూసినప్పుడు రెండు వ్యవస్థల బలాలూ బలహీనతలూ స్పష్టమవుతాయి.

2. మూడు ప్రాంతాలు, మూడు దస్త్రసంప్రదాయాలు

ఈ మూడు పట్టణాలూ పక్కపక్క ప్రాంతాలవే అయినా, వాటి భూమిపత్రాల పుట్టుక ఒకటి కాదు. మదనపల్లె ప్రాంతం 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాలలోనిది. థామస్ మన్రో పాలనలో అక్కడ రైతువారీ పద్ధతి వేళ్లూనుకుంది. ప్రభుత్వం రైతుతో నేరుగా శిస్తు నిర్ణయించుకోవడంవల్ల, ఏ పొలం ఎవరిదో తెలిపే లెక్క ప్రభుత్వ దస్త్రంగా రూపొందింది. పుంగనూరు జమీందారీ ప్రాంతం. కుప్పం పరిసరాలు కంగుంది జమీందారీకి చెందినవి. ఈ రెండుచోట్లా రైతుకూ ప్రభుత్వానికీ మధ్య జమీందారు కచేరీ నిలిచింది.

జమీందారీ పద్ధతిలో జమీందారు రైతుకు పట్టా ఇస్తే, రైతు జమీందారుకు ముచ్చిలిక రాసి ఇచ్చేవాడు. ఒకే ఒప్పందానికి రెండు ప్రతులు, రెండు చేతుల్లో ఉండేవి. ఒకరు తమ ప్రతిని దిద్దితే రెండవ ప్రతి దాన్ని బయటపెట్టగలదు. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు, రైతువారీ మార్పిడి చట్టం జమీందారీలను తొలగించినప్పుడు సర్వే, సెటిల్‌మెంట్ జరిపి కొత్తగా రైతువారీ పట్టాలు ఇవ్వవలసి వచ్చింది. ఒక దస్త్రవ్యవస్థనుంచి మరొకదానికి హక్కుల వివరాలను మార్చి రాయడమే ఇది. అలా మారే సమయంలో నమోదు కాని హక్కు తరువాత నిరూపణకు కష్టమవుతుంది.

జిల్లాల సరిహద్దులు కూడా దస్త్రాల చోటును మార్చాయి. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు కడప జిల్లానుంచి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు, ఉత్తర ఆర్కాటు జిల్లానుంచి పుంగనూరు, కంగుంది జమీందారీ ప్రాంతాలు అందులో చేరాయి. నూట పదకొండేళ్ల తరువాత, 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో మదనపల్లె అన్నమయ్య జిల్లాకు వెళ్లగా, పుంగనూరు, కుప్పం చిత్తూరు జిల్లాలోనే ఉండిపోయాయి. భూమి కదలలేదు, రైతు కదలలేదు. దస్త్రం వెతుక్కోవలసిన పైకార్యాలయం మాత్రం మారింది.

3. కరణం లెక్కలు, జమాబందీ

గ్రామస్థాయిలో దస్త్రం కరణం దగ్గర ఉండేది. అడంగల్, చిట్టా వంటి లెక్కలు ఏడాది పొడవునా అతని చేతిలో మారుతూ ఉండేవి. తాలూకా కార్యాలయంలో ఉన్న లెక్క మాత్రం అంత త్వరగా మారేది కాదు. ఈ రెండింటినీ సరిపోల్చే ఏర్పాటే ఏటా జరిగే జమాబందీ. కరణాలు గ్రామలెక్కలను తెచ్చి అధికారి ఎదుట ఉంచగా, వాటిని తాలూకా లెక్కలతో తనిఖీ చేసి, మార్పులను ఆమోదించేవారు.

కంప్యూటర్ పరిభాషలో చెప్పాలంటే కరణం దగ్గర ఉన్నది స్థానిక ప్రతి. తాలూకాలో ఉన్నది కేంద్రప్రతి. ఏడాదికొకసారి మాత్రమే అనుసంధానం. జమాబందీకీ జమాబందీకీ మధ్య కరణం మాటే గ్రామంలో చెల్లేది. అతని అధికారానికి మూలం అక్షరజ్ఞానం ఒక్కటే కాదు, ఈ కాలవ్యవధి కూడా. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం గ్రామాధికారుల పదవులను ఆర్డినెన్సు ద్వారా రద్దు చేసినప్పుడు, తరతరాలుగా వంశపారంపర్య కుటుంబాల ఇళ్లలో ఉన్న లెక్కలను ప్రభుత్వం స్వాధీనం చేసుకోవలసి వచ్చింది. స్థానిక ప్రతిని ఉంచుకునే వ్యక్తిని తొలగించగానే ఆ ప్రతి మంచిచెడ్డల బాధ్యత ఎవరిదన్న ప్రశ్న తలెత్తడం సహజం.

4. రిజిస్ట్రేషన్ చట్టం: నకలు ప్రయాణించే పద్ధతి

గ్రామలెక్కకు సమాంతరంగా మరొక దస్త్రవ్యవస్థ రిజిస్ట్రేషన్ శాఖది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టాన్ని దస్త్రాల పంపిణీ దృష్టితో చదివితే దాని నిర్మాణంలోని ముందుచూపు అర్థమవుతుంది.

మొదటిది అనుమతుల విషయం. 51వ సెక్షను ప్రకారం స్థిరాస్తి దస్తావేజులకు ఒకటవ పుస్తకం, వీలునామాలకు మూడవ పుస్తకం, ఇతర దస్తావేజులకు నాలుగవ పుస్తకం వేరువేరుగా ఉంటాయి. 57వ సెక్షను ప్రకారం ఒకటవ పుస్తకాన్ని రుసుము చెల్లించి ఎవరైనా చూడవచ్చు. మూడవ పుస్తకం నకళ్లు వీలునామా రాసినవారు జీవించి ఉన్నంతకాలం వారికి లేదా వారి ప్రతినిధులకు మాత్రమే, నాలుగవ పుస్తకం నకళ్లు సంబంధిత వ్యక్తులకు మాత్రమే అందుతాయి. చదివే హక్కు విస్తృతం, రాసే హక్కు రిజిస్ట్రారుకే పరిమితం.

రెండవది నకళ్ల ప్రయాణం. 64వ సెక్షను ప్రకారం ఒక ఆస్తి కొంతభాగం మరొక సబ్‌రిజిస్ట్రారు పరిధిలో ఉంటే, దస్తావేజును నమోదు చేసిన అధికారి దాని సంగ్రహాన్ని ఆ రెండవ కార్యాలయానికి పంపాలి. అక్కడ దాన్ని ఒకటవ పుస్తకంలో చేరుస్తారు. ఆస్తి వేరే జిల్లాలోకి విస్తరిస్తే 65వ సెక్షను ప్రకారం ఆ జిల్లా రిజిస్ట్రారుకు దస్తావేజు నకలే వెళ్లాలి. ఒక కార్యాలయంలో జరిగిన మార్పు, అవసరమైన ఇతర కార్యాలయాలకు తెలియాలన్న సూత్రం ఇందులో ఉంది.

మూడవది భద్రత. ప్రతి రిజిస్ట్రారు కార్యాలయానికీ ప్రభుత్వం అగ్నినిరోధక పెట్టెను సమకూర్చాలని 16వ సెక్షను నిర్దేశిస్తుంది. కాగితానికి మొదటి శత్రువు నిప్పని చట్టకర్తలకు 1908లోనే తెలుసు.

5. యంత్రాల మధ్య దస్త్రం

1980ల ఆరంభంలో విశ్వవిద్యాలయాలలోనూ పరిశోధనా సంస్థలలోనూ చిన్న కంప్యూటర్లు పెరిగాయి. ఒక్కొక్క యంత్రంలో ఒక్కొక్క దస్త్రం చిక్కుకుపోయే పరిస్థితి ఏర్పడింది. దీనికి సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ చూపిన పరిష్కారం నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ (ఎన్‌ఎఫ్‌ఎస్). ఇది 1985 నాటికి ప్రజలలోకి వచ్చింది. దీని రెండవ రూపం నియమావళి 1989లోనూ, మూడవది 1995లోనూ ప్రచురితమయ్యాయి.

ఎన్‌ఎఫ్‌ఎస్ అమరికలో సర్వర్ యంత్రం ఒక పట్టిక ఉంచుకుంటుంది. ఏ సంచయాన్ని పంచుతుంది, ఏయే యంత్రాలకు పంచుతుంది, చదవడానికి మాత్రమేనా లేక రాయడానికి కూడానా అనే మూడు విషయాలు అందులో ఉంటాయి. క్లయింట్ యంత్రం ఆ సంచయాన్ని తన దస్త్రవృక్షంలో ఒకచోట తగిలించుకుంటుంది. దీన్నే మౌంట్ చేయడం అంటారు. ఆ తరువాత వాడుకరికి దస్త్రం దూరంగా ఉందన్న స్పృహే ఉండదు. సర్వర్ ఆగిపోతే ఏమి చేయాలో కూడా క్లయింట్ అమరికలోనే నిర్ణయమవుతుంది. హార్డ్ మౌంట్ అయితే సర్వర్ తిరిగి వచ్చేదాకా క్లయింట్ వేచి ఉంటుంది. సాఫ్ట్ మౌంట్ అయితే కొంతసేపటికి దోషాన్ని ప్రకటించి వదిలేస్తుంది, అందువల్ల సగం రాసిన సమాచారం చెడిపోయే ప్రమాదం ఉంది.

ఎన్‌ఎఫ్‌ఎస్ తొలిరూపాలలో ఒక బలహీనత నమ్మకానికి సంబంధించినది. వాడుకరి ఫలానా సంఖ్యగలవాడని క్లయింట్ యంత్రం చెబితే సర్వర్ దాన్నే నమ్మేది. అందుచేత అన్ని యంత్రాలలోనూ వాడుకరి సంఖ్యలు ఒకేలా ఉండాలి. లేనిపక్షంలో ఒకరి దస్త్రం మరొకరి పేరిట తెరుచుకుంటుంది. క్లయింట్ యంత్రపు సర్వాధికారికి సర్వర్‌మీద అదే అధికారం దక్కకుండా అతన్ని సాధారణ వాడుకరిగా పరిగణించే నియమం ఇందుకే పుట్టింది. తాలూకా అధికారి కరణం మాటను ఎంతవరకు నమ్మాలన్న పాత సమస్య ఇక్కడ కొత్తరూపంలో కనిపిస్తుంది.

మరొక మార్గం కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం ఐబీఎం సహకారంతో 1980ల ఆరంభంలో మొదలుపెట్టిన ఆండ్రూ ప్రాజెక్టునుంచి వచ్చింది. ఆండ్రూ ఫైల్ సిస్టమ్ (ఏఎఫ్‌ఎస్) రూపకర్తలలో మద్రాసు ఐఐటీలో చదివిన ఎం. సత్యనారాయణన్ ముఖ్యుడు. ఇందులో క్లయింట్ దస్త్రాన్ని తెచ్చుకొని తన దగ్గరే దాచుకుంటుంది. ఆ దస్త్రం మారితే తెలియజేస్తానని సర్వర్ మాట ఇస్తుంది. ఆ మాట నిలిచి ఉన్నంతకాలం క్లయింట్ మళ్లీమళ్లీ అడగనక్కరలేదు. క్లయింట్ అమరికలో ప్రధానమైనవి రెండు చిన్న పట్టికలు: తాను ఏ సెల్‌కు చెందినదో తెలిపేది ఒకటి, ఏ సెల్‌కు ఏ సర్వర్లు ఉన్నాయో తెలిపేది మరొకటి. వాడుకరి ఎవరన్నది క్లయింట్ మాటమీద కాక, కెర్బెరాస్ అనే ధ్రువీకరణ పద్ధతిలో తేలుతుంది. చదవడం, రాయడం, చేర్చడం, తొలగించడం వంటి హక్కులను వేరువేరుగా ఇవ్వవచ్చు.

ఏఎఫ్‌ఎస్‌లో చరిత్రకారుడు గమనించవలసిన అంశం ఒకటుంది. దస్త్రాల సముదాయాన్ని ఒక సర్వర్‌నుంచి మరొకదానికి తరలించినా వాడుకరికి చిరునామా మారదు. ఎక్కడుందో చెప్పే పట్టిక సర్వర్ల దగ్గర విడిగా ఉంటుంది. 1911లోనూ 2022లోనూ జిల్లా మారినప్పుడు రైతుకు దక్కని సౌకర్యం ఇదే. కొత్త సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం ఏర్పడినప్పుడు పాత పుస్తకాలు పాతచోటే ఉంటే, ఆస్తిపై భారాలను తెలిపే ఈసీ కోసం రెండుచోట్లా వెతికించుకోవలసిన భారం దరఖాస్తుదారుదే.

1987లో మొదలైన కోడా దస్త్రవ్యవస్థ ఇంకొక అడుగు ముందుకు వేసింది. సంబంధం తెగిపోయినప్పుడు క్లయింట్ తన ప్రతితోనే పని సాగించి, సంబంధం కుదిరాక మార్పులను సర్వర్‌కు అప్పగిస్తుంది. ఇద్దరు ఒకే దస్త్రాన్ని వేరువేరుగా మార్చి ఉంటే ఆ ఘర్షణను గుర్తించి పరిష్కారానికి నిలుపుతుంది. జమాబందీ చేసిన పని ఇదే. అయితే కోడాలో అది ఏడాదికొకసారి కాదు, తీగ కలిసిన ప్రతిసారీ జరుగుతుంది.

6. కార్డ్ పథకం, కుప్పం ప్రయోగం

ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ కంప్యూటరీకరణకు చేపట్టిన కార్డ్ పథకం 1998 నవంబరు 4న మొదలైంది. దీని రూపకల్పనలో ఐఏఎస్ అధికారి జె. సత్యనారాయణది ప్రధానపాత్ర. ఇది సర్వర్-క్లయింట్ నమూనాలో నిర్మితమైంది. దస్తావేజులను చేతితో పుస్తకంలోకి ఎక్కించే పని స్థానంలో స్కానింగ్ వచ్చింది. రోజుల తరబడి వేచి చూడవలసిన ఈసీ నిమిషాలలో చేతికి అందింది. సాంకేతికంగా కార్డ్ ఎన్‌ఎఫ్‌ఎస్ వంటి దస్త్రవ్యవస్థ కాదు, సమాచారనిధిమీద ఆధారపడిన అనువర్తనం. అయినా అమరికలో ఎదురయ్యే ప్రశ్నలు అవే: ఏ బల్లదగ్గరి యంత్రం చదవగలదు, ఏది రాయగలదు, తుదిముద్ర ఎవరిది? ఈ మార్పుకు కేంద్రచట్టంలో కూడా చోటు దొరికింది. కంప్యూటర్ ఫ్లాపీలు, డిస్కెట్లలో పుస్తకాలను ఉంచడానికి వీలు కల్పిస్తూ 2001 సవరణ 16-ఎ సెక్షనును చేర్చింది.

కార్డ్ చేరినది రిజిస్టరు అయిన దస్తావేజులను మాత్రమే. భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్‌మెంటు పట్టాలు, వాటిపై విచారణలు, అప్పీళ్లు రెవెన్యూ కార్యాలయాల కాగితపు దస్త్రాలలోనే ఉండిపోయాయి. 1977 నాటి చట్టం అసైన్డ్ భూముల బదిలీని నిషేధించడంవల్ల ఆ భూములకు చట్టబద్ధమైన క్రయదస్తావేజులు పుట్టే అవకాశం చాలాకాలం లేకపోయింది. కొనుగోలు చేయగలిగినవారి హక్కుకు కంప్యూటర్ ప్రతి ముందుగా ఏర్పడింది. పేదల హక్కు చాలాకాలం ఒంటరి కాగితంగానే మిగిలింది. 2015లో మీభూమి ద్వారా అడంగల్, 1-బి వివరాలు అంతర్జాలంలోకి వచ్చినా, అవి ఫలితాన్ని చూపుతాయే తప్ప ఆ ఫలితం వెనుక ఉన్న విచారణ దస్త్రాన్ని చూపవు.

ఇదే కాలంలో కుప్పం మరొక ప్రయోగానికి వేదికైంది. హ్యూలెట్-ప్యాకర్డ్ సంస్థ రాష్ట్రప్రభుత్వంతో కలిసి 2002లో అక్కడ ఐ-కమ్యూనిటీ పేరిట మూడేళ్ల కార్యక్రమాన్ని చేపట్టింది. సమాచార కేంద్రాల ద్వారా ప్రభుత్వ దరఖాస్తులు, వ్యవసాయ సమాచారం, కంప్యూటర్ శిక్షణ గ్రామీణులకు అందించడం దాని ఉద్దేశం. దీనిపై అంతర్జాతీయ స్థాయిలో పరిశోధనలు వెలువడ్డాయి. మానవశాస్త్రవేత్త అంకే ష్విట్టే 2008లో ప్రచురించిన వ్యాసం దీన్ని ఒక సంస్థ తన ఉత్పత్తులను పరీక్షించుకునే సజీవ ప్రయోగశాలగా పరిశీలించింది.

దస్త్రచరిత్ర దృష్టితో చూస్తే కుప్పం సమాచారకేంద్రం ఒక క్లయింట్ యంత్రం. అది పనిచేయాలంటే మరొకచివర అడిగినదాన్ని అందించే సర్వర్ ఉండాలి, అంటే మండల, డివిజన్ కార్యాలయాలలోని దస్త్రాలు యంత్రంలో సిద్ధంగా ఉండాలి. కాగితంగానే ఉన్న దస్త్రానికి దరఖాస్తును ఎంత వేగంగా పంపినా, జవాబు కాగితపు వేగంతోనే వస్తుంది. క్లయింట్‌ను గ్రామందాకా తీసుకువెళ్లడం కనిపించే పని. సర్వర్‌ను సిద్ధం చేయడం రికార్డుగదిలో ఏళ్లతరబడి జరిగే, కనిపించని పని.

7. మదనపల్లె, 2024 జూలై 21

2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టరు కార్యాలయంలో మంటలు చెలరేగి, పెద్దసంఖ్యలో రెవెన్యూ దస్త్రాలు దగ్ధమయ్యాయి. రాష్ట్ర ఉన్నతాధికారులు వచ్చి పరిశీలించారు, ప్రభుత్వం దర్యాప్తుకు ఆదేశించింది. కారణాలను, బాధ్యులను తేల్చడం దర్యాప్తు సంస్థల, న్యాయస్థానాల పని. చరిత్రకారునికి ముఖ్యమైన ప్రశ్న వేరు: ఒక గదిలో నిప్పు పుడితే ఒక డివిజన్‌లోని భూములపై సందేహం కలిగే స్థితి 2024లో కూడా ఎందుకుంది?

సమాధానం అమరికలో ఉంది. సబ్‌కలెక్టరు దస్త్రంలోని కాగితాలు తహశీల్దారు నివేదిక, కలెక్టరేటు ఉత్తరం, దరఖాస్తుదారు అర్జీలుగా వేరువేరుచోట్లనుంచి వస్తాయి. వాటి నకళ్లు ఆయాచోట్ల ఉండవచ్చు. అయితే ఆ కాగితాలన్నిటినీ క్రమంలో పేర్చి, అధికారి తన అభిప్రాయాన్ని రాసిన నోటుఫైలు ఒక్కచోటే ఉంటుంది. నకళ్లను తిరిగి పోగుచేసి దస్త్రాన్ని పునర్నిర్మించవచ్చు, కానీ నిర్ణయక్రమాన్ని తెలిపే ఆ పుటలు పూర్తిగా తిరిగి రావు. మూలం నశించినప్పుడు ద్వితీయ సాక్ష్యాన్ని అంగీకరించే సూత్రం 1872 సాక్ష్యచట్టంలో ఉంది. ప్రమాదానికి మూడువారాల ముందు, 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ అది కొనసాగింది. ద్వితీయ సాక్ష్యం చెల్లాలంటే మాత్రం అది ఎక్కడో ఒకచోట ఉండాలి. ధ్రువీకృత నకలు తీసుకునే స్తోమతు, ఓపిక, అవగాహన ఉన్నవారికే అది ఉంటుంది.

ఇక్కడ పంచుకోవడానికీ పదిలపరచడానికీ ఉన్న తేడాను గుర్తించాలి. ఎన్‌ఎఫ్‌ఎస్‌లో నూరు క్లయింట్లు ఒక దస్త్రాన్ని చూస్తున్నా దస్త్రం ఒక్కటే. సర్వర్ డిస్కు చెడితే నూరుగురికీ ఒకేసారి పోతుంది. ఏఎఫ్‌ఎస్‌లో చదవడానికి మాత్రమే వీలున్న ప్రతులను అనేక సర్వర్లలో ఉంచవచ్చు. అవి కూడా చివరిసారి విడుదల చేసిననాటి స్థితినే చూపుతాయి. కాబట్టి కాగితాన్ని స్కాన్‌చేసి ఒకే సర్వర్‌లో ఉంచితే రికార్డుగది రూపం మారుతుందే తప్ప ప్రమాదం తొలగదు.

8. ముగింపు

పై పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి:

1. సర్వర్-క్లయింట్ అమరికలోని మూలప్రశ్నలు, అంటే మూలప్రతి స్థానం, అనుమతి, అనుసంధానం, నష్టనివారణ, భూపరిపాలనలో పట్టా-ముచ్చిలిక, జమాబందీ, రిజిస్ట్రేషన్ పుస్తకాల రూపంలో ముందే ఉన్నాయి.

2. రైతువారీ మదనపల్లె, జమీందారీ పుంగనూరు, కంగుంది జమీందారీలోని కుప్పం వేరువేరు దస్త్రసంప్రదాయాలనుంచి వచ్చాయి. ఒకే కంప్యూటర్ నమూనా వాటిమీద పరచుకున్నా, వెనుకనున్న కాగితాల పుట్టుకలోని భేదాలు చెరిగిపోలేదు.

3. కంప్యూటరీకరణ మొదట మార్కెట్‌లో చేతులు మారే భూమిని చేరింది. అసైన్డ్ భూమి విచారణ దస్త్రాలు వెనుకబడ్డాయి. దీని భారం పేద, దళిత, వెనుకబడిన కులాల రైతులమీద ఎక్కువగా పడుతుంది.

4. పట్టా-ముచ్చిలిక సంప్రదాయంలో రైతు చేతిలో కూడా ఒక ప్రతి ఉండేది. నేటి వ్యవస్థలో రైతు చూడగల క్లయింట్ మాత్రమే. విచారణ దస్త్రం మారినప్పుడల్లా ధ్రువీకృత ప్రతి అతనికి తానుగా అందే ఏర్పాటు ఉంటే, ఒక గది కాలినా హక్కు కాలిపోదు.

రిజిస్ట్రేషన్ చట్టం రాసినవారు అగ్నినిరోధక పెట్టెను, పొరుగు కార్యాలయానికి నకలును ఒకే చట్టంలో నిర్దేశించారు. రెవెన్యూ దస్త్రానికి ఆ రెండూ కలిగించే బాధ్యత ఇంకా మిగిలే ఉంది. కుప్పం, పుంగనూరు, మదనపల్లె కార్యాలయాల రికార్డుగదుల పట్టికలను, జమీందారీ సెటిల్‌మెంట్ దస్త్రాలను ఆధారంగా తీసుకొని ఈ దిశలో మరింత లోతైన పరిశోధన జరగవలసి ఉంది.